ఎంటీయూ దాటిన ఫ్రేము వస్తే డ్రైవర్ ఏం చేయాలి: మిర్యాలగూడ మిల్లు బోర్డు ప్రశ్నకు జవాబు

తమ్మీ, తర్వాత చదివేవాళ్లకు కూడా అర్థం కావాలి కాబట్టి ముందు నీ ప్రశ్నను కుదించి రాస్తున్నాను. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు. షెడ్డుకూ ఆఫీసుకూ మధ్య రాగి కేబుల్ ఒకే పరుగులో లాగలేనంత దూరం. అందుకని మధ్యలో రెండు ఈథర్నెట్ పోర్టులున్న చిన్న లినక్స్ బోర్డు పెట్టి, రెండు పోర్టులనూ బ్రిడ్జిగా కలిపావు, అంటే ఒక పోర్టుకు వచ్చిన ఫ్రేమును (తీగ మీద ఒకసారి వెళ్లే డేటా మూట) అది రెండో పోర్టులోంచి బయటికి పంపుతుంది. డ్రైవర్ చిప్పుతో పాటు వచ్చిన పాత కోడే, నువ్వు కొంత మార్చుకున్నావు. వచ్చిన ఫ్రేమును పెట్టుకునే రిసీవ్ బఫర్ ఒక్కోటి 1536 బైట్లు. షెడ్డు వైపు కెమెరాల రికార్డరు, ఆఫీసు వైపు బ్యాకప్ మెషీను ఉన్నాయి. ఈమధ్య ఎవరో ఆ రెండింటి ఎంటీయూను (ఒక్కో ప్యాకెట్ ఎంత పెద్దదిగా పంపొచ్చో చెప్పే హద్దు) 9000 చేశారు. అప్పటి నుంచి బ్యాకప్ మొదలైతే చాలు, బోర్డు కర్నెల్ ప్యానిక్ అయి (లినక్స్ మూలభాగమే ఆగిపోయి) పడిపోతోంది. వేబ్రిడ్జి (లారీలు తూచే ధర్మకాంటా) కంప్యూటర్ కూడా దాని వెనకే తెగిపోతోంది. లాగ్‌లో ‘ఎస్‌కేబీ ఓవర్ ప్యానిక్’ అని ఉంది (ఎస్‌కేబీ అంటే లినక్స్ ఒక ప్యాకెట్‌ను పట్టుకునే నిర్మాణం). మీ సీనియర్ ‘బఫర్ 9 కేబీ చెయ్, అయిపోతది’ అన్నారు. నీ దోస్తు ‘ఎంటీయూ దాటిన ప్రతి ఫ్రేమునూ పారెయ్’ అన్నాడు. ఇద్దరిలో ఎవరిది కరెక్టు అని అడిగావు.

ఇద్దరి మాటలోనూ సగం నిజం ఉంది, కానీ ఏదీ నీ ప్యానిక్‌కు మందు కాదు. డ్రైవర్ చేయాల్సింది ఇది: వచ్చిన ఫ్రేము మన బఫర్లలో పడుతుందా లేదా అన్నది ఫ్రేము మొత్తానికి ఒకేసారి తేల్చాలి. పడితే పూర్తిగా పైకి పంపాలి. పడకపోతే మొదటి బైటు నుంచి చివరి బైటు దాకా మొత్తం పారేయాలి, లెక్కలో రాయాలి, బఫర్లను తిరిగి చిప్పుకు ఇవ్వాలి. ఫ్రేములో ఒక ముక్కను పారేసి ఇంకో ముక్కను తీసుకోవడం మాత్రం ఎప్పటికీ జరగకూడదు. చిప్పు చెప్పిన పొడవును మన బఫర్ సైజుతో పోల్చకుండా వాడటం కూడా జరగకూడదు. ఈ రెండు మాటలూ చూడటానికి చిన్నవే. పెద్ద పెద్ద కంపెనీల డ్రైవర్లు కూడా ఇక్కడే దెబ్బతిన్నాయి, ఆ సంగతి కింద వివరంగా చెప్తాను.

ముందు సైజులు. ఎంటీయూ 1500 అంటే ఐపీ ప్యాకెట్‌కు ఉన్న హద్దు. తీగ మీద వెళ్లే ఫ్రేముకు 14 బైట్ల హెడర్, చివర 4 బైట్ల సీఆర్‌సీ (తప్పులు పట్టే తనిఖీ సంఖ్య) కలిస్తే 1518. వీలాన్ ట్యాగ్ (ఒకే తీగ మీద నెట్‌వర్కులను వేరుచేసే 4 బైట్ల గుర్తు) ఒకటి ఉంటే 1522, రెండు ట్యాగులుంటే 1526. వీలాన్ కోసం 1522ను ఐఈఈఈ (ఈథర్నెట్ ప్రమాణాలు రాసే సంస్థ) ప్రమాణంలోకి 1998లో తెచ్చారు. 2006లో రకరకాల అదనపు హెడర్లను దృష్టిలో పెట్టుకుని ఫ్రేము మొత్తానికి 2000 బైట్ల దాకా చోటిచ్చారు. 9000 బైట్ల జంబో ఫ్రేము మాత్రం ఐఈఈఈ ప్రమాణంలో ఎప్పుడూ లేదు. తయారీదారులు ఒకరిని చూసి ఒకరు పెట్టుకున్న అలవాటు అది. అందుకే ఒక కార్డు 9000 అంటే ఇంకోటి 9216 అంటుంది, మరోటి 4 కేబీ దగ్గరే ఆగిపోతుంది.

ఎంటీయూ అనేది నేను పంపేదానికి ఉన్న హద్దు, అవతలివాడు పంపేదానికి కాదు. ఈ ఒక్క విషయం మనసులో గట్టిగా నాటుకుంటే సగం గందరగోళం పోతుంది. నా పోర్టుకు 1500 అని రాసుకున్నంత మాత్రాన తీగ అవతల ఉన్నవాడికి ఆ సంగతి తెలియదు. అదే నెట్‌వర్కులో ఎవరైనా ఎంత పెద్ద ఫ్రేమైనా వదలొచ్చు. పొరపాటున కావచ్చు, కావాలనీ కావచ్చు. కావాలని వదిలేవాడిని దృష్టిలో పెట్టుకునే డ్రైవర్ రాయాలి.

ఇక చిప్పు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. డ్రైవర్ మెమరీలో డిస్క్రిప్టర్ల రింగ్ (చివరికి వెళ్లాక మళ్లీ మొదటికి వచ్చే పట్టిక) ఒకటి పెడుతుంది. ఒక్కో డిస్క్రిప్టర్‌లో ఒక బఫర్ చిరునామా ఉంటుంది. ఫ్రేము వచ్చినప్పుడు చిప్పు డీఎంఏతో (సీపీయూ ప్రమేయం లేకుండా నేరుగా మెమరీలో రాసి) బఫర్ నింపి, డిస్క్రిప్టర్‌లో స్థితి, పొడవు రాసి మనకు వదిలేస్తుంది. ఫ్రేము బఫర్ కంటే పెద్దదైతే ఏమవుతుందన్నది చిప్పును బట్టి మూడు రకాలుగా ఉంటుంది. కొన్ని చిప్పులకు గరిష్ఠ పొడవు రిజిస్టర్ ఉంటుంది, అది దాటితే లోపలే పారేసి ఒక కౌంటర్ పెంచుతాయి. కొన్ని బఫర్ నిండగానే మిగతాది కోసేసి, కోశానని ఒక బిట్ పెడతాయి. చాలా చిప్పులు మాత్రం మిగిలిన భాగాన్ని తర్వాతి డిస్క్రిప్టర్‌లోకి, అదీ నిండితే ఆ తర్వాతి దాంట్లోకి పారబోస్తూ పోతాయి. ఆఖరి డిస్క్రిప్టర్‌లో ‘ఫ్రేము ఇక్కడితో ముగిసింది’ అనే బిట్ పెడతాయి. దీన్నే డేటాషీట్లలో ఈవోపీ అంటారు, కొన్ని చిప్పుల్లో ‘లాస్ట్ డిస్క్రిప్టర్’ అని ఉంటుంది.

నీ చిప్పు మూడో రకమని నువ్వు పెట్టిన లాగ్ చూస్తే తెలుస్తోంది. 9000 ఎంటీయూ ఉన్న రికార్డరు పంపే నిండు ఫ్రేము 9018 బైట్లు. 1536 చొప్పున ఐదు డిస్క్రిప్టర్లు నిండితే 7680 అవుతుంది, ఆరో దాంట్లో 1338 బైట్లు పడతాయి. ఆ ఆరో డిస్క్రిప్టర్‌లో చిప్పు ఏ పొడవు రాస్తుంది? ఇక్కడ రెండు సంప్రదాయాలున్నాయి. ఇంటెల్ పాత గిగాబిట్ చిప్పుల్లాంటివి ఆ ముక్క పొడవు, అంటే 1338 రాస్తాయి. బోర్డుల్లో ఎక్కువగా కనిపించే డిజైన్‌వేర్ లాంటి కోర్లు (చిప్పుల్లో పెట్టే రెడీమేడ్ ఈథర్నెట్ డిజైన్లు) ఫ్రేము మొత్తం పొడవును ఆఖరి డిస్క్రిప్టర్‌లో రాస్తాయి. నీ డ్రైవర్ ఆ ఆఖరి డిస్క్రిప్టర్ తీసుకుని, అందులో ఉన్న 9018ని 1536 బైట్ల బఫర్ మీద వేసింది. బఫర్ హద్దు దాటుతున్నట్టు కర్నెల్ గమనించి, ఇంక ముందుకు పోతే మెమరీ చెడిపోతుందని అక్కడికక్కడ ఆపేసింది. ఎస్‌కేబీ ఓవర్ ప్యానిక్ అంటే అదే. గమనించు, చిప్పు ఇక్కడ తప్పేం చేయలేదు. ఒక్క బైటు కూడా బఫర్ బయట రాయలేదు. పొడవును నమ్మింది డ్రైవర్.

లినక్స్‌లో డిజైన్‌వేర్ కోర్‌కు ఉన్న ఎస్‌టీఎంమ్యాక్ డ్రైవర్ పాత రూపాలు, 4.x కర్నెళ్లలోవి చూడు. పొడవు బఫర్ సైజు కంటే ఎక్కువుంటే ఆ ప్యాకెట్‌ను వదిలేయాలని అందులో స్పష్టమైన తనిఖీ ఉండేది. నీ కోడ్‌లో ఆ నాలుగు లైన్లు లేవు. అవి పెడితే ప్యానిక్ ఆగుతుంది. కానీ పని అక్కడితో ముగియదు, ఎందుకో 2009లో జరిగింది తెలిస్తే అర్థమవుతుంది.

ఆ ఏడాది ఇంటెల్ కార్డులకు వాడే ఇ1000 డ్రైవర్‌లో ఒక లోపం బయటపడింది, సీవీఈ-2009-1385 (సీవీఈ అంటే భద్రతా లోపాలకు ఇచ్చే నంబర్). చిప్పు సీఆర్‌సీని కూడా బఫర్‌లోకి రాస్తుంది కాబట్టి, డ్రైవర్ వచ్చిన పొడవులోంచి 4 తీసేసేది. ఫ్రేము సరిగ్గా ఒక కొలతలో వస్తే ఆఖరి డిస్క్రిప్టర్‌లో సీఆర్‌సీ తాలూకు ఒకటో రెండో బైట్లే మిగులుతాయి. రెండులోంచి నాలుగు తీస్తే గుర్తు లేని పూర్ణాంకంలో అది నాలుగు వందల కోట్ల పైచిలుకు సంఖ్య అవుతుంది. అంతే, కర్నెల్ కూలిపోయేది. అదే సైజు ఫ్రేము ఒక్కటి పంపితే చాలు. దానికి దిద్దుబాటుగా ‘ఈవోపీ బిట్ లేకపోయినా, పొడవు 4 లేదా అంతకంటే తక్కువైనా పారెయ్’ అని ఒక షరతు పెట్టారు.

ఆ దిద్దుబాటు కూలిపోవడాన్ని ఆపింది, ఇంకో తలుపు తెరిచి ఉంచింది. షరతు ఏం చేస్తోందో నెమ్మదిగా చదువు. ఈవోపీ లేని డిస్క్రిప్టర్‌ను, అంటే ఫ్రేము మొదటి ముక్కను, పారేసింది. తర్వాతి డిస్క్రిప్టర్‌కు వచ్చింది. అందులో ఈవోపీ ఉంది, పొడవు 4 కంటే ఎక్కువే ఉంది. షరతు దాన్ని పట్టుకోలేదు. కాబట్టి డ్రైవర్ దాన్ని కొత్తగా వచ్చిన పూర్తి ఫ్రేము అనుకుని పైకి పంపింది. మిల్లు ధర్మకాంటా మీదికి ప్లాట్‌ఫారం కంటే పొడుగైన లారీ వచ్చిందనుకో. ముందు సగాన్ని ‘పట్టదు, పో’ అని దాటించేసి, వెనక చక్రాలు కాంటా మీదికి రాగానే ఇంకో లారీ వచ్చిందని చీటీ రాసినట్టుంది ఆ కోడ్.

దాంతో ఏమవుతుంది? ఫ్రేము తోకలో ఏముండాలో పంపేవాడి చేతిలో ఉంటుంది. బఫర్ సైజు అతనికి తెలిస్తే, సరిగ్గా ఆ హద్దు దగ్గర మొదలయ్యేలా ఇంకో ఈథర్నెట్ హెడర్, ఐపీ హెడర్, తనకు కావాల్సిన పోర్టు నంబర్ అన్నీ అమర్చి పెట్టొచ్చు. మధ్యలో ఉన్న ఫిల్టర్ బయటి ఫ్రేమునే చూస్తుంది, అది మామూలుగానే ఉంటుంది కాబట్టి దాటనిస్తుంది. చివర ఉన్న మెషీను మాత్రం లోపల దాచిన ప్యాకెట్‌ను అసలు ప్యాకెట్‌గా తీసుకుంటుంది. 2009 డిసెంబరులో బెర్లిన్‌లో జరిగిన కేయాస్ కమ్యూనికేషన్ కాంగ్రెస్‌లో ఫాబియన్ యమగుచి ఈ దారిని చూపించాడు. ఇ1000కు సీవీఈ-2009-4536, దాని తమ్ముడు ఇ1000ఈకి సీవీఈ-2009-4538 అని నంబర్లు వచ్చాయి. మొదటిదాని వివరణలోనే ‘పాత లోపాన్ని సరిగా దిద్దకపోవడం వల్ల’ అని రాసి ఉంటుంది.

సరైన దిద్దుబాటు చాలా చిన్నది. డ్రైవర్ ‘పారేస్తున్నాను’ అని ఒక గుర్తు పెట్టుకుంటుంది. ఈవోపీ లేని ముక్క కనిపించగానే ఆ గుర్తు వేస్తుంది. గుర్తు ఉన్నంతసేపు వచ్చిన ప్రతి డిస్క్రిప్టర్‌నూ చూడకుండానే తిరిగి చిప్పుకు ఇస్తుంది. ఈవోపీ ఉన్న ముక్కను కూడా పారేసి, ఆ తర్వాతే గుర్తు తీసేస్తుంది. నీ డ్రైవర్‌కు కావాల్సింది ఇదే.

ఆ గుర్తును ఎక్కడ దాచుకోవాలో జాగ్రత్తగా చూసుకో. రిసీవ్ ఫంక్షన్ లోపల లోకల్ వేరియబుల్‌గా పెట్టావో, పని చెడుతుంది. న్యాపీ అనే, ఫ్రేములను విడతలుగా తీసుకునే కర్నెల్ పద్ధతిలో ఆ ఫంక్షన్‌కు ఒక్కోసారి ఇంతే పని అని బడ్జెట్ ఉంటుంది, మామూలుగా 64. పెద్ద ఫ్రేము మూడు ముక్కలు ఈ విడతలో, మిగతా మూడు వచ్చే విడతలో పడొచ్చు. చిప్పు ఇంకా మిగతా ముక్కలు రాయకముందే మనం రింగ్ చివరికి చేరడం కూడా మామూలే. ఫంక్షన్ బయటికి వచ్చి మళ్లీ లోపలికి వెళ్లేసరికి లోకల్ వేరియబుల్ పోతుంది, తోక మళ్లీ కొత్త ఫ్రేము అవుతుంది. కాబట్టి గుర్తు రింగ్ నిర్మాణంలోనే ఉండాలి. రెండు పోర్టులుంటే ఒక్కో రింగ్‌కు ఒక్కోటి. రింగ్‌ను రీసెట్ చేసినప్పుడు గుర్తునూ చెరిపేయాలి, లేకపోతే లింక్ తెగి వచ్చాక మొదటి మంచి ఫ్రేము పోతుంది.

బడ్జెట్ గురించే ఇంకో మాట, చాలా డ్రైవర్లలో కనిపించే లోపం ఇది. పారేసిన ఫ్రేమును బడ్జెట్‌లో లెక్కపెట్టకుండా లూప్ మొదటికి వెళ్లిపోతారు. మంచి ఫ్రేములు వస్తున్నంతసేపు ఏ తేడా తెలియదు. ఎవరైనా పెద్ద ఫ్రేములే వరసగా కుమ్మరిస్తే లెక్క పెరగదు, లూప్ ఆగదు, ఒక సీపీయూ అక్కడే ఇరుక్కుంటుంది. నీ బోర్డు లాంటి దాంట్లో ఉన్నది ఒకటో రెండో కోర్లు. పారేయడం కూడా పనే, దాన్నీ లెక్కలో వేయి. నీ రింగ్‌లో 64 డిస్క్రిప్టర్లే ఉన్నాయన్నావు. ఒక్కో 9018 బైట్ల ఫ్రేము ఆరు తింటుంది కాబట్టి పది ఫ్రేములకు రింగ్ దాదాపు నిండిపోతుంది. అందుకే పారేసిన బఫర్‌ను అప్పటికప్పుడు తిరిగి ఇచ్చేయాలి. కొత్త బఫర్ కోసం మెమరీ అడగాల్సిన పనే లేదు, అదే బఫర్‌ను మళ్లీ పెడితే సరిపోతుంది.

రియల్‌టెక్ కథ వేరే రకం. ఆర్8169 డ్రైవర్‌లోనూ 2009లోనే పొడుగు ఫ్రేములతో మెమరీ చెడే లోపం దొరికింది, సీవీఈ-2009-1389. దిద్దారు. ఆ దిద్దుబాటు చాలలేదని అదే బెర్లిన్ సభతో తేలింది, సీవీఈ-2009-4537 వచ్చింది. అక్కడ చిక్కు గరిష్ఠ పొడవు రిజిస్టర్‌తోనే. ఇంత దాటితే రానివ్వకు అని చిప్పుకు చెప్పినా, అది ఆ మాట మీద నిలబడలేదు. పరిష్కారంగా తర్వాతి డ్రైవర్ ఏం చేస్తుందంటే, ఎంటీయూ ఎంతైనా సరే ఒక్కో డిస్క్రిప్టర్‌కు 16383 బైట్ల బఫర్ పెడుతుంది. చిప్పు ఎంత పొడుగు ఫ్రేము తెచ్చినా చోటు ఉంటుంది. వచ్చిన ఫ్రేమును దాని సైజుకు తగ్గ కొత్త బఫర్‌లోకి కాపీ చేసి పైకి పంపి, పెద్ద బఫర్‌ను రింగ్‌లోనే ఉంచుతుంది. 256 డిస్క్రిప్టర్లకు 4 ఎంబీ మెమరీ, ప్రతి ఫ్రేముకు ఒక కాపీ. హార్డ్‌వేర్ మీద నమ్మకం లేనప్పుడు ఇది సరైన బేరమే అని నా అభిప్రాయం. డెస్క్‌టాప్‌లో 4 ఎంబీ ఎవరూ చూడరు. నీ బోర్డులో 64 డిస్క్రిప్టర్లు, రెండు పోర్టులు అంటే 2 ఎంబీ, అదీ భరించగలిగేదే. కాకపోతే 16 కేబీ ముక్కలు వరసగా ఉన్న పేజీల్లో దొరకాలి. బోర్డు లేచినప్పుడు దొరుకుతాయి, నెలల తరబడి నడిచాక పోర్టును ఆపి మళ్లీ లేపితే దొరక్కపోవచ్చు. ఒకసారి తీసుకున్నవాటిని వదలకుండా తిరిగి వాడటం మంచిది.

ఇప్పుడు మీ సీనియర్ మాట. బఫర్ 9 కేబీ చేస్తే 9018 ఫ్రేము ఒకే డిస్క్రిప్టర్‌లో పడుతుంది, ప్యానిక్ రాదు. రేపు ఎవరో ఎంటీయూ 9216 పెట్టి 9234 బైట్ల ఫ్రేము పంపితే మళ్లీ అదే ప్యానిక్. హద్దును జరపడం వేరు, హద్దు దాటితే ఏం చేయాలో రాయడం వేరు. పైగా నీది బ్రిడ్జి. ఒక పోర్టు నుంచి 9018 లోపలికి తీసుకున్నా, రెండో పోర్టు ఎంటీయూ 1500 అయితే లినక్స్ బ్రిడ్జి దాన్ని బయటికి పంపదు, మాట్లాడకుండా పారేస్తుంది. రెండు పోర్టుల ఎంటీయూ పెంచాలి, పంపే వైపు ఫిఫో (చిప్పు లోపలి వరస మెమరీ) కూడా అంత ఫ్రేమును మోయగలగాలి. చిప్పు డేటాషీట్‌లో జంబోకు మద్దతు ఉంటే ఆ గరిష్ఠాన్ని నెట్ డివైస్ నిర్మాణంలోని మ్యాక్స్ ఎంటీయూలో రాయి. 4.10 కర్నెల్ నుంచి ఆ హద్దు తనిఖీ కర్నెలే చేస్తుంది, డ్రైవర్‌లో విడిగా రాయక్కర్లేదు.

నీ దోస్తు మాట ఇంకొంచెం ఆలోచించదగ్గది. ఎంటీయూ దాటితే పారేయడం శుభ్రంగా అనిపిస్తుంది. ఎంటీయూ 1500 ఉంటే 1514కు (సీఆర్‌సీ వదిలేస్తే) పైన ఏదొచ్చినా వద్దంటే ఏం పోతుంది? వీలాన్ ట్యాగ్ ఉన్న మంచి ఫ్రేములు పోతాయి. ఇంటర్నెట్ ఇచ్చేవాళ్లు రెండు ట్యాగులు వేసి పంపితే అవీ పోతాయి. నేను ఎంటీయూను 1400కు తగ్గించుకున్నా, పక్క మెషీన్లు 1500తో పంపుతూనే ఉంటాయి, అవన్నీ పోతాయి. బఫర్‌లో భద్రంగా పడిన, సీఆర్‌సీ సరిగా ఉన్న ఫ్రేమును పారేయడానికి డ్రైవర్ దగ్గర కారణం లేదు. ఫిల్టర్ చేయాలనుకుంటే అది పై పొరల పని, వాళ్ల దగ్గర నియమాలున్నాయి. కాబట్టి డ్రైవర్‌కు హద్దు బఫర్ సైజు. ఎంటీయూ ఆ బఫర్ ఎంత ఉండాలో లెక్కగట్టడానికి పనికొస్తుంది. లెక్కగట్టేటప్పుడు రెండు ట్యాగులకూ సీఆర్‌సీకీ చోటు వదులు, ఎంటీయూ తగ్గించినా బఫర్‌ను 1536 కంటే తగ్గించకు.

చిప్పుకు చెప్పే బఫర్ సైజూ, నిజంగా తీసుకున్న సైజూ ఒకటే అవ్వాలి అన్నది తేలికగా తప్పిపోయే విషయం. ఐపీ హెడర్ నాలుగు బైట్ల హద్దు మీద పడాలని మొదట్లో 2 బైట్లు వదులుతాం కదా, అప్పుడు చిప్పుకు 2 తగ్గించి చెప్పాలి. కొన్ని చిప్పులు సైజును 64 గుణిజాల్లోనో 1024 గుణిజాల్లోనో తీసుకుంటాయి. అలాంటప్పుడు కిందికి సవరించి చెప్పాలి, పైకి కాదు. ఎస్‌కేబీ డేటా అయిపోయిన వెంటనే దాని షేర్డ్ ఇన్ఫో ఉంటుంది, అందులో పేజీల పాయింటర్లు ఉంటాయి. హద్దు దాటి రాస్తే పడేది ఆ షేర్డ్ ఇన్ఫో మీదే. క్యూఎమూ (కంప్యూటర్‌ను సాఫ్ట్‌వేర్‌లో అనుకరించే ప్రోగ్రాం) లోని పీసీనెట్ కార్డులో సీఆర్‌సీ కలిపేటప్పుడు నిండిన బఫర్ చివర 4 బైట్లు ఎక్కువ రాసిన లోపం, సీవీఈ-2015-7504, ఎంత పెద్ద గొడవ అయ్యిందో చదువు.

ముక్కలను పారేయకుండా జోడించే దారి కూడా ఉంది. ఆరు డిస్క్రిప్టర్లనూ ఒకే ఎస్‌కేబీకి ఫ్రాగ్మెంట్లుగా తగిలిస్తే పెద్ద బఫర్లు లేకుండానే జంబో నడుస్తుంది. చాలా గిగాబిట్ డ్రైవర్లు అలాగే చేస్తాయి. కానీ ఫ్రాగ్మెంట్ల పట్టికకూ హద్దు ఉంది, సాధారణంగా 17. మీడియాటెక్ వైఫై చిప్పులకు వాడే ఎంటీ76 డ్రైవర్ ఆ హద్దు చూడకుండా జోడిస్తూ పోయేది. ముక్కలు ఎక్కువైన ఫ్రేము వస్తే పక్క మెమరీ చెడిపోయేది, సీవీఈ-2020-12465. జోడించే దారిలో కూడా అదే నియమం: చోటు అయిపోయిందంటే ఇప్పటిదాకా కూడిన ఎస్‌కేబీ మొత్తాన్ని వదిలేయాలి, గుర్తు వేసి ఈవోపీ దాకా పారేస్తూ పోవాలి.

యూఎస్‌బీ ఈథర్నెట్ అడాప్టర్లు, వర్చువల్ కార్డులు వాడేవాళ్లకు కూడా ఇదంతా వర్తిస్తుంది. అక్కడ పొడవు చెప్పేది ఎవరో బయటి పరికరమో, గెస్ట్ మెషీనో. ఏసిక్స్ ఏఎక్స్88179 డ్రైవర్‌లో సీవీఈ-2022-2964, వర్చువల్ మెషీన్ల నెట్‌వర్కు నడిపే వీహోస్ట్ నెట్‌లో సీవీఈ-2014-0077 రెండూ పొడవును సరిచూడకపోవడం వల్ల వచ్చినవే.

ఒక అనుమానం తీర్చేస్తాను, ఎందుకంటే నువ్వు పెట్టిన క్యాప్చర్‌లో అదీ ఉంది. వేబ్రిడ్జి కంప్యూటర్‌లో టీసీపీడంప్ (ప్యాకెట్లను పట్టి చూపే ప్రోగ్రాం) 2962, 4410 బైట్ల ప్యాకెట్లు చూపిస్తోందని, అవి కూడా జంబోలే అనుకున్నావు. కావు. 1448 బైట్ల టీసీపీ ముక్కలు రెండో మూడో వస్తే కర్నెల్ వాటిని జీఆర్‌వోతో కలిపి, 66 బైట్ల హెడర్లతో ఒకటిగా పైకి పంపుతుంది. లెక్క సరిగ్గా సరిపోతుంది చూడు. తీగ మీద వచ్చినవి మామూలు సైజు ఫ్రేములే. ఎథ్‌టూల్‌తో జీఆర్‌వో ఆపి మళ్లీ చూస్తే అవి మాయమవుతాయి.

ఇక పారేసిన తర్వాతి సంగతి. ప్యానిక్ ఆగిపోయాక నీ మిల్లులో ఏం కనిపిస్తుందో ముందే చెప్తాను. రికార్డరుకూ బ్యాకప్ మెషీనుకూ కనెక్షన్ కుదురుతుంది, లాగిన్ అవుతుంది, ఫైల్ పంపడం మొదలుకాగానే బిగుసుకుపోతుంది. రెండు చివర్లా 9000 ఉంది కాబట్టి వాళ్లిద్దరూ 8960 ఎంఎస్ఎస్‌కు (ఒక టీసీపీ ముక్కలో పట్టే డేటా) ఒప్పుకుంటారు. మధ్యలో 1500 ఉందని వాళ్లకు చెప్పేవాళ్లు లేరు. బోర్డు రూటర్ అయ్యుంటే ‘ముక్కలు చేయాలి’ అని ఐసీఎంపీ సందేశం పంపేది, పంపినవాడు తగ్గించుకునేవాడు. బ్రిడ్జి ఆ సందేశం పంపదు, డ్రైవర్ అసలే పంపలేదు. చిన్న ప్యాకెట్లు పోతూ పెద్దవి మాత్రమే మాయమయ్యే ఈ స్థితిలో, డ్రైవర్ కౌంటర్ తప్ప ఇంకే ఆధారమూ ఉండదు. అందుకే పారేసిన ప్రతి ఫ్రేమునూ లెంగ్త్ ఎర్రర్స్‌లోనూ, మొత్తం రిసీవ్ ఎర్రర్స్‌లోనూ తప్పకుండా రాయాలి అంటాను. కౌంటర్ పెంచని డ్రైవర్ వల్ల మనుషులు కేబుళ్లు మారుస్తారు, స్విచ్‌లు మారుస్తారు, రోజులు పోతాయి. యాసంగి వడ్లు వచ్చే రోజుల్లో వేబ్రిడ్జి నిలిచిపోతే బయట రోడ్డు మీద లారీల్లో, ట్రాక్టర్లలో ఎదురుచూసేది రైతులు. నీ కౌంటర్ ఒక్కటి సరిగా ఉంటే అక్కడికి వెళ్లిన టెక్నీషియన్ ఒక్క కమాండ్‌తో కారణం పట్టుకుంటాడు.

వీలైతే రెండు రకాలుగా లెక్కపెట్టు: పెద్దదే కానీ సీఆర్‌సీ సరిగా ఉన్నది ఒకటి, పెద్దదీ సీఆర్‌సీ తప్పినదీ ఇంకోటి. మొదటిది ఎవరో ఎంటీయూ మార్చారని చెప్తుంది. రెండోది ఎక్కడో కార్డో పోర్టో పాడైందని చెప్తుంది. స్విచ్‌లలో వీటిని ఓవర్‌సైజ్, జాబర్ అని విడివిడిగా చూపిస్తారు.

లాగ్‌లో మాత్రం ప్రతి ఫ్రేముకూ ఒక లైన్ రాయకు. గిగాబిట్ లింక్ మీద 9018 బైట్ల ఫ్రేములు సెకనుకు 13,800 దాకా వస్తాయి. నీ సీరియల్ కన్సోల్ 115200 బాడ్ మీద 80 అక్షరాల లైన్లు సెకనుకు 144 మించి రాయలేదు. ఆ లాగే బోర్డును ఆపేస్తుంది. కర్నెల్‌లో ఉన్న రేట్ లిమిట్ వాడి, పొడవూ బఫర్ సైజూ రెండూ కనిపించేలా ఒక లైన్ రాయి.

పరీక్షించడానికి ఇంకో లినక్స్ మెషీన్ నేరుగా తగిలించి, దాని ఎంటీయూ 9000 చేసి పింగ్ కొట్టు. పింగ్‌కు ఇచ్చే సైజుకు 46 కలిపితే తీగ మీది ఫ్రేము పొడవు వస్తుంది: ఐసీఎంపీ, ఐపీ కలిపి 28, హెడర్ 14, సీఆర్‌సీ 4. నీ హద్దు 1536 కాబట్టి 1490 ఇస్తే సరిగ్గా నిండుతుంది. 1491 నుంచి 1494 దాకా ఒక్కోటి ప్రయత్నించు. అప్పుడు రెండో డిస్క్రిప్టర్‌లో సీఆర్‌సీ బైట్లు మాత్రమే పడతాయి, ఇ1000ను కూల్చిన కొలతలు ఇవే. తర్వాత 3026, 3027, అంటే రెండు బఫర్లు నిండినవీ ఒక బైటు పొంగినవీ. ఆ తర్వాత 8972, నిండు జంబో. 1490 తప్ప మిగతా ఒక్కో సైజుకు, పంపినన్ని ఫ్రేములే కౌంటర్ పెరగాలి. వెంటనే మామూలు పింగ్ కొడితే మొదటిదే జవాబు రావాలి. మొదటిది పోయి రెండోది వస్తే నీ గుర్తు ఒక ఫ్రేము ఆలస్యంగా చెరుగుతోందని అర్థం. చివర్లో ఫ్లడ్ పింగ్‌తో పెద్దవి కుమ్మరిస్తూ, రెండో పోర్టు మీద వేబ్రిడ్జి పని నడుస్తోందా చూడు.

మిల్లు సంగతి ఈరోజుకైతే, రికార్డరు, బ్యాకప్ మెషీను రెండింటినీ 1500కు దించెయ్. కెమెరా ఫైళ్ల బ్యాకప్‌కు జంబోతో వచ్చే లాభం ఆ లింక్ మీద పెద్దగా ఉండదు. డ్రైవర్ సవరించే దాకా మిల్లు ఆగకూడదు. సవరణలో మొదట పొడవు తనిఖీ, తర్వాత రింగ్‌లో గుర్తు, ఆ తర్వాత కౌంటర్లు. జంబో కావాలా వద్దా అన్నది ఆఖర్న చూసుకోవచ్చు.

నీ చిప్పు డేటాషీట్‌లో రిసీవ్ డిస్క్రిప్టర్ స్టేటస్ పదం ఉన్న పేజీ పంపు. ఆఖరి డిస్క్రిప్టర్‌లో రాసే పొడవులో సీఆర్‌సీ కలిసి ఉందా లేదా అన్నదీ, మొదటి డిస్క్రిప్టర్‌కు విడిగా బిట్ ఉందా అన్నదీ అందులో తెలుస్తుంది. ఆ బిట్ ఉంటే రింగ్‌లో వరస తప్పిన సందర్భాన్ని కూడా పట్టుకోవచ్చు, దానికి లూప్‌ను ఎలా మార్చాలో చూసి చెప్తాను.